బహుమానమా, ఆర్జితమా?

స్త్రీల టెన్నిసు ఆటలో సొమ్మును గూర్చిన తగవు ముగిసిపోయినదనియు, ముగియుటయే కాక స్త్రీలకు కొంత యెక్కువగనే ముట్టినదనియు ఈ నడుమ పలువురు విద్యావంతులు పలుకుచుండగా మేము వినుచున్నాము. వారు చూపు సాక్ష్యములు రెండు. వింబుల్డన్ పోటీని నడపువారు 2007లో పురుషునకును స్త్రీకిని ఒకే బహుమతి నిచ్చుట కంగీకరించిరి. దానితో నాలుగు మహాపందెములందును సమత్వము కుదిరినది గదా యనుట మొదటిది. సెరీనా విలియమ్స్ తన యాటజీవితమున కేవలము పందెపు బహుమతులవలననే 9 కోట్ల 48 లక్షల డాలర్లు గడించినది గదా, ఇంత గడించినవారికి ఇంకను కొఱత యేమి యనుట రెండవది. ఈ రెండు సాక్ష్యములును నిజములే. నిజమైన సాక్ష్యములను చూపి అబద్ధపు తీర్పు చెప్పుట యెట్లో తెలిసికొనగోరువారు ఈ వాదమును శ్రద్ధగా పరిశీలింపవలెను.

ముందుగా సెరీనా సొమ్మునే చూతము. ఒంటరిగా ఆడు పందెములలో ఆమె గెలిచిన మహాపందెములు 23. నొవాక్ జోకొవిచ్ 2023 నాటికి గెలిచినవి 24. గెలుపులలో భేదము ఒక్కటి. సొమ్ములోనో, జోకొవిచ్ గడించినది 18 కోట్ల డాలర్లకు పైమాట. ఆమెది అందులో ఇంచుమించు సగము. ఇచట ప్రతివాది చెప్పదగిన సమాధానములు లేకపోలేదు. ఆమె ఆట మొదలిడిన దినములలో బహుమతులు చిన్నవి. అతడు మహాపందెములు గెలుచుచున్న దినములలో అవి పెద్దవైనవి. ఆమె సంవత్సరమునకు ఆడిన పోటీలును తక్కువ. ఇవి సత్యములని మేము ఒప్పుకొందుము. కాని ఈ కారణములన్నిటిని తీసివేసిన తరువాత మిగులునది కొంత యున్నది. అది నాలుగు మహాపందెముల వెలుపల దాగియున్నది గనుకనే మహాపందెములను మాత్రమే చూపువారి కంటికి అది యానదు.

పత్రికలలో ఏటేట ప్రకటించు జీవితార్జనల పట్టికను గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. ఎవరు ఎంత గడించిరో వరుసగా వ్రాసి, దానినే ప్రతిభకు కొలతగా చూపుట వాడుక యైనది. మార్గరెట్ కోర్ట్ గెలిచిన మహాపందెములు 24. వానిలో 13 పందెములు 1968కి పూర్వము, అనగా బహిరంగముగా సొమ్మిచ్చుట మొదలుకాకమునుపే గెలిచినవి. క్రిస్ ఎవర్ట్ 18 మహాపందెములు గెలిచి, 1976లో ఆటవలన పదిలక్షల డాలర్లు దాటిన మొదటి స్త్రీయై, తుదకు ఇంచుమించు 89 లక్షలతో ఆట విరమించెను. అరీనా సబలెంక 2025వ సంవత్సర మొక్కదానిలోనే కోటి 50 లక్షల డాలర్లు గడించెను. అమెరికా మహాపందెమున విజేతకు 1999లో ఇచ్చినది ఏడున్నర లక్షలు. 2025లో ఇచ్చినది 50 లక్షలు. కావున ఆ పట్టికలో మనకు కనబడునది ఆటగత్తె మహిమ కాదు, ఆమె పుట్టిన సంవత్సరము. తాత యెకరము కొన్న ధరకును మనుమడు యెకరమమ్మిన ధరకును పోలిక చెప్పి మనుమడే గొప్ప వ్యవసాయకుడనువానిని మన పల్లెలలో నెవ్వరును మెచ్చుకొనరు. పత్రికలలో మాత్రము అట్టి పోలికలు చెల్లుబడి యగుచున్నవి.

ఈ సొమ్ము ఎట్లు మొదలైనదో తెలియక దీని న్యాయాన్యాయములు తెలియవు. 1968కి ముందు టెన్నిసు పెద్దమనుష్యుల వినోదమని చెప్పుకొనుట మర్యాద. సొమ్ము పుచ్చుకొనుట నీచమని పైకి చెప్పుచు, ప్రయాణపు ఖర్చుల పేర చాటుగా చేతిలో పెట్టుచుండిరి. ఆ కపటమును తొలగించి 1968లో పోటీలను అందఱకును తెఱచిరి. సత్యము వెల్లడియైన ఆ మొదటి సంవత్సరముననే వింబుల్డన్‌లో గెలిచిన రాడ్ లేవర్‌కు 2,000 పౌనులును, గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కు 750 పౌనులును ముట్టెను. 1970లో రోమునగరపు పోటీలో గెలిచిన పురుషుడు నస్తాసేకు 3,500 డాలర్లు. గెలిచిన స్త్రీ, మఱల ఆ కింగే, ఆమెకు 600. అనగా పాత కపటము పోయి కొత్త సత్యము వచ్చుటతోడనే స్త్రీ విలువ యెంతగా ఎంచబడినదో అంకెలలో వ్రాసి చూపినట్లయినది.

అదే యేట కాలిఫోర్నియాలో ఒక గొప్ప పోటీ జరుగనుండెను. పురుషులలో మొదటివానికి 12,500 డాలర్లనియు, స్త్రీలలో మొదటియామెకు 1,500 డాలర్లనియు నిర్ణయించిరి. స్త్రీలు వెళ్లి అడిగిరి, నిర్వాహకుడు వినలేదు. టెన్నిసు పత్రిక నొకదానిని నడుపుచున్న గ్లాడిస్ హెల్డ్‌మన్ యను వనిత అప్పుడు హ్యూస్టన్ నగరమున వేఱొక పోటీ నేర్పఱచెను. 1970 సెప్టెంబరు 23వ తేదీన తొమ్మిదిమంది ఆటగత్తెలు, ఏడుగురు అమెరికావారును ఇద్దఱు ఆస్ట్రేలియావారును, ఒక్కొక్కరు ఒక్క డాలరు కూలికి ఒప్పందము వ్రాసియిచ్చిరి. ఆ డాలరు నోట్లను చేతబట్టి వారు తీయించుకొన్న ఛాయాపటము నేటికిని చూడవచ్చును. అమెరికా టెన్నిసు సంఘమువారు వారిని బహిష్కరించిరి. బహిష్కారమనగా నేమో మన సంస్కర్తల చరిత్ర చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పెద్ద పోటీలలో చోటు పోవును. దేశము తరఫున ఆడు గౌరవము పోవును. మఱల ఎప్పుడు చేర్చుకొందురో తెలియదు. ఇంతటి నష్టమునకు ఒడిగట్టినది ఏ విలాసముకొఱకు? పురుషునకు పండ్రెండువేల యైదునూఱు వచ్చుచోట తమకు పదునైదువందలు రాకూడదన్నంత మాత్రమునకే.

ఇచట మన పాఠకులకు రుచింపని సంగతి యొకటి చెప్పవలెను. చెప్పకుండుట న్యాయము కాదు. ఆ పోటీకి సొమ్ము చాలక, సిగరెట్టు వ్యాపారులు ముందునకు వచ్చిరి. వర్జీనియా స్లిమ్స్ అనునది స్త్రీలకని ప్రత్యేకముగా తయారుచేసిన సిగరెట్టు. ఊపిరి బలముమీద బ్రదుకు క్రీడాకారిణుల పోటీకి ఊపిరిని చెఱచు వస్తువు పేరు పెట్టుటకంటె వికారమైన పని యుండునా? ఉండదు. మేము దానిని సమర్థింపము. కాని ఆ తొమ్మిదిమందిని నిందించువారిని ఒక్క ప్రశ్న అడుగుదుము. సభ్యులైన పెద్దమనుష్యుల సంఘములు, ధర్మబద్ధమైన ధనము గలవి, తలుపు మూసికొని కూర్చున్నప్పుడు తెఱచియున్న గుమ్మము ఏది? ఆకలితో నున్నదానికి అన్నము పెట్టక, అంగడిలో తిన్నదని కులమునుండి వెలివేయు పెద్దరికము మనకు క్రొత్తది కాదు. పొగాకు సొమ్ములోని దోషము కొంత ఆటగత్తెలదే కావచ్చును. అధిక భాగము తలుపు మూసినవారిది.

తరువాతి కథ వేగముగా నడచినది. 1971లో కింగ్ ఒక్క సంవత్సరమున లక్ష డాలర్లు దాటెను. క్రీడలలో అంత గడించిన మొదటి స్త్రీ ఆమెయే. ఆ సంవత్సరముననే రాడ్ లేవర్ జీవితార్జన పదిలక్షలు దాటినదని గుర్తుంచుకొనవలెను. 1972లో అమెరికా మహాపందెమున గెలిచిన ఆమెకు 10,000, నస్తాసేకు 25,000 ఇచ్చిరి. మఱుసటి యేడు ఈ పద్ధతియే యున్నచో తాము రాబోమని ఆమె తెలియజేసెను. 1973 జూనులో స్త్రీల సంఘము లండనునగరమున నేర్పడెను. ఆ యేటి అమెరికా మహాపందెమున మార్గరెట్ కోర్టునకును జాన్ న్యూకోంబ్‌నకును చెఱి 25,000 డాలర్లు ముట్టెను. అదే సెప్టెంబరులో యేబదియైదేండ్ల బాబీ రిగ్స్ స్త్రీల ఆటను గేలిచేసి పందెమునకు పిలిచి, ముప్పదివేలమంది యెదుట కింగ్ చేతిలో మూడు సెట్లు వరుసగా ఓడిన కథ అందఱెఱిగినదే గనుక విస్తరింపము. ఆ వినోదము జ్ఞాపకముండిపోయి, దానికి పూర్వము జరిగిన ఒప్పందములు, బహిష్కారములు, సంఘస్థాపన మఱుగుపడుట మాత్రము మాకు విచారముగా నున్నది. ఒక ముసలి విదూషకుని ఓడించుటచేత స్త్రీలకు సమత్వము రాలేదు. అందఱు కలిసి, రాము అని చెప్పగలిగినందువలన వచ్చినది.

ఇంక ప్రతివాదుల ప్రధాన హేతువునకు వత్తము. పురుషులు అయిదు సెట్లలో మూడు గెలువవలెను. స్త్రీలు మూడింటిలో రెండు గెలిచిన చాలును. తక్కువ పనికి సమానమైన కూలి ఏ న్యాయశాస్త్రమున గలదు? ఈ ప్రశ్న అడిగినవారు సాధారణముగా జవాబునకు ఆగక, చిఱునవ్వుతో చుట్టును చూతురు. మేము నిదానముగా జవాబు చెప్పెదము.

పురుషులు అయిదు సెట్లు ఆడునది సంవత్సరమున ఆ నాలుగు మహాపందెములలోనే. తక్కిన పోటీలన్నిటను, రోములో గాని మాడ్రిడ్‌లో గాని సిన్సినాటిలో గాని, వారును మూడు సెట్లే ఆడుదురు. స్త్రీలును మూడు సెట్లే ఆడుదురు. సెట్లను బట్టియే సొమ్మయినచో, నాలుగు మహాపందెములలో తేడా యుండి, తక్కిన పోటీలలో సమత్వము ఉండవలెను. జరుగుచున్నదేమి? సరిగా దానికి తలక్రిందులు! ఎచట పురుషుడు ఎక్కువ ఆడునో అచట ఇరువురకును సమానము. ఎచట ఇరువురును సమానముగా ఆడుదురో అచట పలు పోటీలలో స్త్రీకి తక్కువ. 2023లో రోమునగరమున పురుషుల పోటీకి కేటాయించిన మొత్తము స్త్రీలకు కేటాయించినదానికి రెట్టింపునకు మించినది. అదే ఊరు, అదే ఎఱ్ఱమట్టి నేల, అవే మూడు సెట్లు. తార్కికులు దీనిని హేత్వాభాసమందురు. హేతువు ఉన్నచోట ఫలము లేదు, హేతువు లేనిచోట ఫలమున్నది. ఐనను ఆ హేతువే ఆ ఫలమునకు కారణమని వాదించుట!

ఈ సెట్లవాదమును పట్టుకొన్నవారికి దాని చరిత్రయు తెలియదు. అమెరికా పోటీలలో 1891 మొదలు 1901 వఱకు స్త్రీలు తుదిపందెమును అయిదు సెట్ల పద్ధతినే ఆడిరి. 1901లో ఎలిసబెత్ మూర్ వరుసగా రెండు దినములు అయిదేసి సెట్లాడి గెలిచెను. మఱుసటి సంవత్సరమున ఆ పద్ధతిని తీసివేసి మూడు సెట్లకు కుదించిరి. ఆటగత్తెల నడుగకయే యిట్లు చేసిరని గెలిచిన మూరే ఆక్షేపించెను. అది మొదలు దాదాపు తొంబదియేండ్లు స్త్రీల పందెమున అయిదవ సెట్టు లేదు. స్త్రీల సంఘము తన సంవత్సరాంత పోటీలో తుదిపందెమును 1984 మొదలు 1998 వఱకు అయిదు సెట్లకు పెట్టుకొన్నప్పుడు, 1990లో సెలెస్, సబాతీనీ లిరువురును అయిదు సెట్లును ఆడి చూపిరి. ఆడుదుమన్నవారి చేతినుండి పని లాగికొని, పని తక్కువ చేసితివని కూలి తగ్గించుట ఎట్టి ధర్మమో ప్రతివాదులే చెప్పవలెను. మఱియు వింబుల్డన్‌లో వరుసగా మూడు సెట్లలోనే గెలిచిన పురుషునియొద్దనుండి ఆడని రెండు సెట్ల వెల విఱిచి పుచ్చుకొనుచున్నారా? సంగీతసభలో విద్వాంసునకు గంటలెక్కను సంభావన యిత్తుమా? అట్లయినచో రాగము సాగదీయువాడే మహావిద్వాంసు డగును.

సెట్లవాదము చెడిన తరువాత బజారువాదము వచ్చును. జనులు పురుషుల ఆట చూచుటకు వత్తురు. టిక్కెట్టు సొమ్ము వారివలన వచ్చును. ఎవరివలన వచ్చునో వారికే చెందవలెను. దీనిలో కొంత బలమున్నదని మేము ఒప్పుకొందుము. పురుషుల ఆటకు సమకూడు ప్రసారపు సొమ్ము నేటికిని అధికము. కాని బజారు వానలాగున ఆకాశమునుండి పడునది కాదు. దానిని కొందఱు మనుష్యులు కూర్చుండి యేర్పఱతురు. పారిసునగరపు మహాపందెమున 2021లో రాత్రి ఆటలు మొదలుపెట్టిరి. ప్రొద్దున పనికి పోయినవారు ఇంటికి వచ్చి తీరికగా చూచు సమయమది. 2022లో ఆ రాత్రులలో స్త్రీలకు దక్కినది ఒక్కటి. 2023లోను ఒక్కటే. 2024లో ఒక్కటియు లేదు, 2025లోను లేదు. అంగడిని వెనుక సందులో పెట్టించి, దీపము తీసివేయించి, నీ సరుకునకు గిరాకి లేదని చెప్పు యజమానిని మనము వర్తకుడందుమా, వంచకుడందుమా? ఇంక దీపము పెట్టినచోట నేమి జరిగినదో చూడుడు. 2015లో అమెరికా మహాపందెమున స్త్రీల తుదిపందెమునకు టిక్కెట్లు పురుషులదానికంటె ముందుగనే అమ్ముడుపోయెను. 2023లో అచటనే కోకో గాఫ్ గెలిచిన తుదిపందెమును ఆ దేశమున సుమారు 34 లక్షలమంది ప్రసారమున చూడగా, పురుషుల తుదిపందెమును చూచినవారు సుమారు 23 లక్షలు. ఆ రెండు సంవత్సరములలోను, బజారు లెక్క ప్రకారము స్త్రీల కెక్కువ యిండని ఏ బజారువాదియు ముందునకు వచ్చి పలికినట్లు మేము వినలేదు.

మహాపందెముల విజేతలను గూర్చియే మాటలాడుట పెద్దల కలవాటు. పైవరుసలో నుండు పదిమందిని చూచి ఆట యంతయు బంగారమని తలచుట, రాజుగారి కోటను చూచి రాజ్యమంతయు సుభిక్షమని తలచుట వంటిది. పందెపు సొమ్ములోనుండియే విమానపు ఖర్చు, బసఖర్చు, భోజనము, బ్యాటు తీగలు మార్పించుట, బట్టలు, అన్నియు ఆటగత్తె భరింపవలెను. జీతము లేదు, మొదటి పందెమున ఓడినచో ఆ వారము ఖర్చే మిగులును. అంతర్జాతీయ సమాఖ్యవారు 2013వ సంవత్సరపు లెక్కలు తీయగా, శిక్షకుని జీతము కాక ఏడాదికి ఒక ఆటగత్తెకగు ఖర్చు సుమారు 40 వేల డాలర్లని తేలెను. వచ్చుబడి ఖర్చునకు సరిపోవు అంతస్తు పురుషులలో 336వ స్థానమున నుండగా, స్త్రీలలో 253వ స్థానమున నుండెను. ఈ రెండంకెల నడుమనున్న యెనుబదిమూడు స్థానములను పాఠకులు ఒక్క క్షణము తలపునకు తెచ్చుకొందురుగాక. ప్రపంచమున మూడువందలవ స్థానమున నున్న పురుషుడు ఆటవలన అన్నము తినుచుండగా, మూడువందలవ స్థానమున నున్న స్త్రీ తండ్రి సొమ్మో అప్పుసొమ్మో పెట్టి ఆడుచుండెను. విమానమువాడు స్త్రీయని టిక్కెట్టు తగ్గించునా? హోటలువాడు గది యద్దె తగ్గించునా?

ఆటజీవితముమీద మొత్తమెంత గడించిరని అడుగునప్పుడు, ఆ జీవితమున సంవత్సరములెన్ని యని కూడ అడుగవలెను. సెరీనా 2017 సెప్టెంబరున బిడ్డను కని, 2018లో పారిసునకు తిరిగివచ్చినప్పుడు, పూర్వము మూడుసార్లు అచట గెలిచినదై యుండియు, ఆమెకు మొదటి ముప్పది యిద్దఱిలో చోటియ్యలేదు. పిల్లవానిని కన్న పురుషుడు మఱునాడే ఆటకు పోవచ్చును. అతని స్థానమెవ్వరును తాకరు. 2025 మార్చిలో గాని స్త్రీల సంఘము ఆటగత్తెలకు పండ్రెండు నెలల వఱకు జీతముతోడి ప్రసవపు సెలవు నేర్పఱపలేదు. ప్రసవపు సెలవన్నది సాధారణమైన ఉద్యోగములలో ఎప్పుడో స్థిరపడినదని మేము జ్ఞాపకము చేయుదుము.

మన హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా చరిత్ర ఈ విషయమున మనకు దగ్గఱి సాక్ష్యము. 2005లో ఆ నగరమున జరిగిన పోటీలోనే ఆమె గెలిచి, స్త్రీల సంఘపు ఒంటరి పందెమును గెలిచిన మొదటి భారతస్త్రీ యయ్యెను. ఆ యేటనే ఆమె ఆటను విడిచి ఆమె లంగా పొడవును కొలిచినవారు బయలుదేరిరి. 2015లో జంట ఆటలో ప్రపంచమున మొదటి స్థానము నందుకొనెను. మహాపందెములు ఆఱు గెలిచెను, మూడు స్త్రీల జంటతో, మూడు పురుషునితో కలిసి. 2018లో కుమారుని కని, 2020 జనవరిలో తిరిగివచ్చిన మొదటి పోటీలోనే జంటపందెము గెలిచి, 2023 ఫిబ్రవరిలో ఆట విరమించెను. ఇరువదియేండ్ల కష్టమునకు వచ్చిన పందెపు సొమ్ము 70 లక్షల డాలర్లకు పైమాట. జంట ఆటకు వెల యెంత తక్కువయో దీనివలన తెలియును. 2015లో ఆమెయు మార్టినా హింగిసును వింబుల్డన్ గెలిచినప్పుడు ఇద్దఱికిని కలిపి ఇచ్చినది 3 లక్షల 40 వేల పౌనులు. ఒంటరి పందెము గెలిచినయామెకు 18 లక్షల 80 వేలు.

కాని మేము సానియాను తలచుట ఆ యంకెలకొఱకు కాదు. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వమువారు ఆమెను రాష్ట్రపు ప్రచారదూతగా నియమించి కోటి రూపాయలిచ్చిరి. వెంటనే ఒక శాసనసభ్యుడు లేచి, ఆమె పొరుగుదేశపు కోడలు గదా, ఈ మర్యాద కర్హురాలా యని ఆక్షేపించెను. పదేండ్లుగా విదేశములలో ఆమె గడించుకొన్న లక్షల డాలర్లను గూర్చి ఆమె యెవరి కోడలని యెవ్వడును అడుగలేదు. ఇచ్చిన సొమ్మనగానే అడిగిరి. ఇచ్చినదానికిని గడించినదానికిని గల భేదమిదియే. ఇచ్చిన సొమ్మునకు అర్హత చూపవలెను, కృతజ్ఞత చూపవలెను, ఇచ్చినవాని యెదుట తల వంచవలెను. గడించిన సొమ్మునకు లెక్క చూపిన చాలును.

మన ధర్మశాస్త్రములలో ఒక విచిత్రమున్నది. వివాహాగ్ని యెదుట ఇచ్చినది, పుట్టినింటినుండి పోవునప్పుడిచ్చినది, తలిదండ్రులును సోదరులును ప్రీతితో నిచ్చినది స్త్రీధనమని లెక్కింతురు. మఱి ఆ స్త్రీ తన చేతిపనిచేత గడించినది? దానిపై భర్తకే స్వామ్యమని కాత్యాయనుడు చెప్పినాడు. అనగా చేతిలో పెట్టినది ఆమెదట. చేతితో చేసినది ఆమెది కాదట! ఆ స్మృతి యే కాలమునాటిదో, దానిని నిందించుటవలన నిప్పుడు ప్రయోజనము లేదు. సూటును బూటును వేసికొని విమానములలో తిరుగు క్రీడాధికారులు స్మృతిని చదువకయే ఆ సూత్రమును పాటించుట మాత్రము మాకాశ్చర్యముగా నున్నది. 2016లో కాలిఫోర్నియాలోని ఇండియన్ వెల్స్ పోటీకి అధికారియైన రేమండ్ మూర్, స్త్రీల సంఘము పురుషుల కోటుచెంగు పట్టుకొని బ్రదుకుచున్నదనియు, ఫెడరరు, నాదలు పుట్టినందుకు స్త్రీలు మోకరిల్లి దేవునికి కృతజ్ఞత చెప్పుకొనవలెననియు పలికి, ఆ వెంటనే పదవి విడువవలసివచ్చెను. ఆయన పదవి పోయినది. ఆయన నోట వచ్చిన తలంపు పోయినదా? స్త్రీకి వచ్చునది పురుషుని ప్రసాదమను తలంపే అది. దానిని బహుమానమని పిలుచుచున్నంతకాలము ఇచ్చువాని దయ యను వాసన దానిని విడువదు. ఆటగాని సొమ్మునుగూడ బహుమతి యనియే పిలుతురు. కాని అతనిని కృతజ్ఞత చెప్పుమని యెవ్వరు నడుగరు.

తలుపు మూసిన పాపము మఱల ఫలించుట నేడు చూచుచున్నాము. 2024 మొదలు మూడేండ్లు స్త్రీల సంవత్సరాంత పోటీని సౌదీ రాజధానియైన రియాదునగరమున నడపుటకు ఒప్పందము జరిగెను. మొదటి సంవత్సరముననే గాఫ్‌నకు 48 లక్షల డాలర్లు ముట్టెను. మొత్తము కోటి 52 లక్షలు దాటినది. స్త్రీల స్వాతంత్ర్యమును గూర్చి ఆ రాజ్యము పేరు ఎట్టిదో లోకమెఱుగును. ఎవర్టును నవ్రతిలోవాయు, ఆ యేటి జనవరిలోనే కలిసి పత్రికకు వ్రాసి, ఆ పోటీ నచటికి తీసికొనిపోవలదని వేడుకొనిరి. ఆ వృద్ధయోధుల మాట సత్యమని మేము తలతుము. ఐనను, ఐరోపా అమెరికాల సభ్యనగరములు స్త్రీల కీయవలసినది తాము ఇచ్చియుండినచో, సంఘమువారు రియాదు గుమ్మమున నిలువవలసి యుండెడిదా? నాడు సిగరెట్టు, నేడు నూనెబావి.

సమత్వము క్రమముగా వచ్చుచున్నది, తొందర యేల యనువారున్నారు. వచ్చుచున్నమాట నిజమే. 2025లో రోమునగరమున స్వదేశపు ఆటగత్తె జాస్మిన్ పావొలీని గెలిచినప్పుడు ఆమెకు ముట్టినది 8 లక్షల 77 వేల యూరోలు. పురుషులలో గెలిచిన అల్కరాజ్‌నకు 9 లక్షల 85 వేలు. అదే ఊరిలో 1970లో కింగ్‌నకు ముట్టినది పురుషుని సొమ్ములో ఆఱవవంతునకు కొంచె మెక్కువ. ఆ లెక్కను ఇది గొప్ప వృద్ధియే. స్త్రీల సంఘము 2023లో ఒక క్రమము ప్రకటించెను. ఇరువర్గములు కలిసి యాడు పెద్ద పోటీలలో 2027 నాటికిని, స్త్రీలు వేఱుగ ఆడు పెద్ద పోటీలలో 2033 నాటికిని పురుషులతో సమానమైన సొమ్ము సమకూర్తురట. అమెరికా మహాపందెమున 1973లో మొదలైన సమత్వము ఆ పెద్ద పోటీలన్నిటికి ప్రాకునప్పటికి సరిగా షష్టిపూర్తి! చిన్న పోటీలకు ఆ క్రమమున చోటు లేదు.

వింబుల్డన్‌వారు సమత్వమును ప్రకటించినది 2007 ఫిబ్రవరి 22వ తేదీన. ఆ తరువాత రెండునెలలకు పుట్టిన మీరా ఆంద్రేయెవా యను బాలిక 2025లో పదునేడేండ్ల ప్రాయముననే దుబాయిలోను ఇండియన్ వెల్స్‌లోను గెలిచెను. 2033 నాటికి ఆమెకు ఇరువదియాఱేండ్లు నిండును. అప్పటికామె ఎన్నియో సంవత్సరములు రోమువంటి చోట్ల పురుషులతో సమానముగా మూడేసి సెట్లాడి, తక్కువ సొమ్ము పుచ్చుకొనియుండును. ఆ కొఱత ఆమె జీవితార్జన పట్టికలో నిలిచిపోవును. ఆ బకాయిని చెల్లించుటకు ఏ పోటీవారును ఇంతవఱకు తేది యేర్పఱపలేదు.